ప్లేటు ఉంటే చాలు

మా అమ్మ చదివింది ఐదో తరగతి. అయినా ఆమెకి వచ్చిన ఇంగ్లీష్ మాటలు ఒకసారి లెక్కపెట్టాను. ఎలిజిబుల్, ఇన్‌ఎలిజిబుల్, మ్యాపింగ్, ఈకేవైసీ, పెండింగ్, సర్వర్ డౌన్, వెరిఫికేషన్, గ్రీవెన్స్. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. 'గ్రీవెన్స్' స్పెల్లింగ్ నాకు ఇప్పటికీ ఫోనే దిద్దుతుంది. అమ్మ మాత్రం "గ్రీవెన్సు పెట్టినాం, ఇంగా ఏం రాలే" అని టమాటా రేటు చెప్పినంత మామూలుగా చెప్తుంది.

ఈ మాటలన్నీ ఆమెకి ప్రభుత్వ పథకాలు నేర్పించాయి. రేషన్ కార్డు, పింఛను, అమ్మ ఒడి, ఇప్పుడు తల్లికి వందనం. ప్రతిదానికీ ఒక లిస్టు ఉంటుంది. లిస్టులో పేరు ఉండాలి. లేకపోతే ఎందుకు లేదో కనుక్కోవాలి. అయితే మా ఇంట్లో ఒక్క పథకం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఈ మాటల్లో ఏదీ ఎప్పుడూ వినపడలేదు. అది బళ్ళో పెట్టే మధ్యాహ్న భోజనం. మొన్న సెలవులకి ఇంటికి పోయినప్పుడు అమ్మని అడిగాను, దానికి ఎవరెవరు ఎలిజిబులో తెలుసా అని. ఆమె నన్ను కొంచెం జాలిగా చూసింది.

"బడికి పోతే అన్నం పెడ్తారు. దానికి మళ్ళా ఎలిజిబుల్ ఏందే?"

బీటెక్ సెకండియర్‌లో ఒక అసైన్‌మెంట్ కోసం నేను నాలుగు రోజులు చదివి తెలుసుకున్న విషయం ఇదే. అమ్మ ఒక్క ముక్కలో చెప్పేసింది. అయినా నాలుగు రోజులు చదివాను కాబట్టి మీకు కొంచెం వివరంగా చెప్తాను.

మాది ముదిగుబ్బ. కోస్తా ఫ్రెండ్స్‌కి ఈ పేరు కొత్తగా ఉంటుంది. అనంతపురం నుంచి కదిరి పోయే రోడ్డు మీద, ధర్మవరం–పాకాల రైలు లైన్లో ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి మాది శ్రీ సత్యసాయి జిల్లా. కానీ ఎవరైనా అడిగితే నోట్లో అనంతపురం అనే వస్తుంది. పండేది చెనిక్కాయ, అదీ వాన దయతలిస్తే. పడనప్పుడు జనం బెంగళూరు బస్సెక్కుతారు. మా నాయన కొన్నాళ్ళు అక్కడ సెంట్రింగ్ పని చేశాడు, కొన్నాళ్ళు ఊళ్ళో ఆటో తోలాడు. అమ్మ పొలం కూలికి పోతుంది. మాకు నాలుగెకరాల మెట్ట ఉంది. అందులో ఏ ఏడాది ఏం వస్తుందో దేవుడు కూడా ముందే చెప్పలేడు.

ఇంత ఉన్నా (అంటే లేకున్నా) నన్నూ తమ్ముణ్ణీ ప్రైవేటు ఇంగ్లీష్ మీడియం స్కూల్లో వేశారు. మా వీధిలో చాలామంది అట్లే వేశారు. దీన్ని డబ్బున్న లక్షణం అనుకోవద్దు. టై, బెల్టు, బూట్లు అన్నీ అప్పు మీదే నడుస్తాయి.

2020 జనవరిలో అమ్మ ఒడి మొదటిసారి ఇచ్చారు. బిడ్డని బడికి పంపే తల్లి ఖాతాలో ఏడాదికి 15,000. ప్రైవేటు స్కూలు పిల్లల తల్లులకి కూడా ఇచ్చేవారు. దానికి షరతులు ఇవీ: పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకి 10,000 దాటకూడదు, పట్నంలో 12,000. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు మించకూడదు. కరెంటు నెలకి 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు ఉండకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. టాక్సీ, ట్రాక్టర్, ఆటోలకి మినహాయింపు.

అన్నిట్లో మేం పాస్, ఒక్కదాంట్లో ఫెయిల్. నాలుగు చక్రాల బండి. మా ఇంట్లో సైకిల్ కూడా పంక్చర్ అయి గోడకి ఆనించి ఉంది. కారు ఎక్కడిది? తర్వాత తెలిసింది. నాయన అంతకు మూడేళ్ళ ముందు పాత వ్యాను ఒకటి కొన్నాడు, టమాటా తోలడానికి. వైట్ బోర్డు బండి. ఆరు నెలల్లో ఇంజన్ పోయింది, వచ్చిన కాడికి అమ్మేశాడు. కొన్నాయన ఆర్‌సీ తన పేరు మీద మార్చుకోలేదు, ఆయన ఇంకొకరికి అమ్మాడు. ఆ బండి ఏ ఊళ్ళో ఉందో, అసలు ఉందో తుక్కు అయిపోయిందో ఎవరికీ తెలియదు. కానీ కంప్యూటర్లో అది ఇంకా మా వాకిట్లోనే ఉంది.

నాయన నెల రోజులు తిరిగాడు. ఒక ఆఫీసులో ఇంకో ఆఫీసుకి పొమ్మన్నారు, అక్కడ కొన్నాయనని పిలుచుకురమ్మన్నారు. ఆ నెలలో పోయిన కూలి వేరే లెక్క. ఎవరినీ తిట్టడానికి ఇది చెప్పట్లేదు. కౌంటర్లో కూర్చున్న మనిషికి మా నాయన పేదవాడని కళ్ళకి కనిపిస్తూనే ఉంది. స్క్రీన్ మీద మాత్రం బండి ఉంది. ఆయన ఏం చేస్తాడు?

మా మెషిన్ లెర్నింగ్ క్లాసులో కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్ చెప్పిన రోజు నాకు ఆ వ్యాను గుర్తొచ్చింది. ఇవ్వకూడని వాళ్ళకి ఇస్తే ఫాల్స్ పాజిటివ్, ఇవ్వాల్సిన వాళ్ళకి ఇవ్వకపోతే ఫాల్స్ నెగటివ్. నిజ జీవితం నుంచి ఒక ఉదాహరణ రాయమంటే అందరూ స్పామ్ మెయిల్, క్యాన్సర్ టెస్టు రాశారు. నేను మా నాయన ఆర్‌సీ రాశాను.

మనం కోడ్ రాసేవాళ్ళం కాబట్టి ఇంకో మాట. ఆ షరతులన్నీ 'అండ్'తో కలిపిన కండిషన్లు. ఆరు డేటాబేస్‌లలో ఆరూ సరిగ్గా ఉంటేనే ట్రూ. ఒక్కో డేటాబేస్ 98 శాతం కరెక్ట్ అనుకుందాం. వినడానికి చాలా మంచి డేటా. కానీ ఆరింటిలోనూ తప్పు లేకుండా బయటపడే వాళ్ళు 0.98ని ఆరుసార్లు గుణిస్తే వచ్చినంత, అంటే 100కి దాదాపు 89. మిగతా 11 కుటుంబాలు ఎక్కడో ఒకచోట తప్పు డేటాకి తగులుకుంటాయి. ఇది నేను వేసుకున్న ఊహ లెక్కే, ఏ రాష్ట్రం లెక్కా కాదు. కానీ షరతు ఒకటి పెంచిన ప్రతిసారీ ఏం జరుగుతుందో చూపించడానికి ఇది చాలు. ఉన్నవాడి డేటా తప్పయితే వాడు లాయర్‌నో ఏజెంట్‌నో పెట్టుకుని సరిచేయించుకుంటాడు. మా నాయన లాంటి వాడు కూలి మానుకుని తిరుగుతాడు.

ఆ తర్వాత రెండు నెలలకే కరోనా. లాక్‌డౌన్లో బళ్ళు మూసేశారు, ప్రభుత్వ బడి పిల్లలకి మధ్యాహ్న భోజనం సరుకు మాత్రం ఇంటికి పంపించారు. బియ్యం, గుడ్లు, చిక్కీలు. మా చిన్నాయన కూతురు గవర్నమెంట్ స్కూలు. వాళ్ళింటికి గుడ్లు వచ్చాయి, గోడ ఇవతల మా ఇంటికి రాలేదు. రెండిళ్ళకీ ఒకటే కూలి, ఒకటే ఎండిపోయిన బోరు, ఒకే షావుకారి దగ్గర అప్పు. తేడా అల్లా యూనిఫాం రంగు. చిన్నమ్మ గిన్నెలో నాలుగు గుడ్లు పెట్టి గోడ మీదుగా ఇచ్చేది. ఆ రోజుల్లో మా ఇంటికి అమలైన పథకం చిన్నమ్మే.

ఆ నవంబర్ 2న 9, 10 తరగతులకి బళ్ళు తెరిచారు. ఫీజు బాకీ అట్లే ఉంది. అమ్మ ఒడి రాలేదు. నాయన నన్నూ తమ్ముణ్ణీ గవర్నమెంట్ స్కూల్లో చేర్పించాడు. నేను తొమ్మిదో తరగతి, ఇంగ్లీష్ మీడియం సెక్షన్. మా వీధిలో మేమొక్కళ్ళమే కాదు, ఆ ఏడాది అట్లా వచ్చినవాళ్ళు చాలామంది.

ప్రైవేటు స్కూల్లో మధ్యాహ్నం ఎట్లుండేదో చెప్పాలి. చెనిక్కాయ పీకే రోజుల్లో అమ్మ తెల్లవారకముందే పోయేది. వండి పోతే బాక్సులో చిత్రాన్నం, లేకపోతే బొరుగులు. ఏదీ లేని రోజు బాక్సు తీసుకుపోకుండా పోయి "ఆకలి లేదు" అనడం ఒక పద్ధతి. ఆ మాట అనే పిల్లలు మా క్లాసులో నలుగురైదుగురు ఉండేవాళ్ళం. అందరికీ ఒకేరోజు ఆకలి ఎందుకు పోతుందో ఏ టీచరూ అడగలేదు. అడగాల్సిన నియమం కూడా ఎక్కడా లేదు.

గవర్నమెంట్ స్కూల్లో మొదటి పీరియడ్‌లో ఒక పిల్ల వచ్చి "ఈ పొద్దు అన్నానికి ఎంతమంది?" అని అడిగి చేతులు లెక్కపెట్టుకుని పోయింది. అంతే. అదే అప్లికేషన్, అదే వెరిఫికేషన్, అదే అప్రూవల్. నేను చెయ్యి ఎత్తాను. లెక్కలో ఒకటి పెరిగింది. మా నాయన వ్యాను సంగతి ఎవరూ అడగలేదు.

అప్పుడు కరోనా కాబట్టి పొద్దున పూటే బడి, అన్నం తిని ఇంటికి పోయేవాళ్ళం. ఆ ఏడాది జనవరిలోనే జగనన్న గోరుముద్ద పేరుతో మెనూ మార్చారు. అంతకుముందు తిన్న చిన్నాయన కూతురు అప్పటి సాంబారు గురించి ఏం చెప్పేదో ఇక్కడ రాయలేను. కొత్త మెనూలో రోజుకొక రకం. ఒక రోజు పులిహోర, ఒక రోజు కూరగాయల అన్నం, ఒక రోజు ఆకుకూర పప్పు, శనివారం తీపి పొంగలి. వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ. మా చేన్లలో పెరికిన చెనిక్కాయే ఎక్కడెక్కడో తిరిగి బెల్లం పూసుకుని మా చేతికి వచ్చినట్టు ఉండేది. నేను బయటికొచ్చాక 2023 మార్చి నుంచి రాగి జావ కూడా ఇచ్చారు. సంగటి తిని పెరిగిన వాళ్ళకి రాగులు మంచివని ప్రభుత్వం చెప్పడం మా జేజికి భలే నవ్వొచ్చింది.

రుచి ప్రతిరోజూ బాగుండేదని అబద్ధం చెప్పను. అన్నం కొన్నిసార్లు ముద్ద, కొన్నిసార్లు పలుకు. గుడ్డు ఒలిస్తే సగం పెంకుతో పోయేది. అయినా వండే పెద్దమ్మలకి నెలకి 3,000 గౌరవ వేతనం అని తెలిశాక నేను పలుకు అన్నం గురించి మాట్లాడటం మానేశాను. గౌరవ వేతనం అనే మాటలో రెండో పదం కంటే మొదటిదే ఎక్కువ ఉంది.

నన్ను పట్టుకున్న విషయం వరుస. మా క్లాసులో అంగడి వాళ్ళ అమ్మాయి ఒకతి ఉండేది. ఇంటి నుంచి స్టీలు క్యారియర్ వచ్చేది, రెండు కూరలు. గుడ్డు రోజు మాత్రం ప్లేటు పట్టుకుని మా వెనకే నిలబడేది. వలస పోయిన వాళ్ళ పిల్లోడు, అవ్వ దగ్గర ఉండి చదివేవాడు, ఆమె ముందు నిలబడేవాడు. ఇద్దరికీ అదే గరిటె. చూసేవాళ్ళకి ఎవరికి ఆ అన్నం అవసరమో, ఎవరికి సరదానో తెలియదు. తెలియకపోవడమే ఆ పిల్లోడికి మేలు. 'పేద పిల్లల వరుస' అని వేరేగా పెట్టి ఉంటే వాడు వచ్చేవాడు కాదు. నాకు తెలుసు, ఎందుకంటే వాడు నోట్‌బుక్కులు ఉచితంగా ఇస్తామని పేర్లు అడిగినప్పుడు పేరు ఇవ్వలేదు.

ఇది ఊరికే వచ్చిన ఏర్పాటు కాదు. 2001లో గోడౌన్లలో ధాన్యం మురిగిపోతుంటే జనం ఆకలితో చచ్చిపోతున్నారని పీయూసీఎల్ సంస్థ సుప్రీంకోర్టుకి పోయింది. ఆ నవంబర్ 28న కోర్టు ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో వండిన భోజనం పెట్టమంది. కనీసం 300 క్యాలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్, ఏడాదికి కనీసం 200 రోజులు. 'పేద పిల్లలకి' అనలేదు, 'ప్రతి బిడ్డకీ' అంది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. 2013 ఆహార భద్రత చట్టం దాన్ని 8వ తరగతి వరకూ హక్కు చేసింది. 9, 10 తరగతులకి రాష్ట్రం తన డబ్బుతో పెడుతుంది. అంటే నేను తిన్న రెండేళ్ళ అన్నం కేంద్రం లెక్కలోది కాదు.

మధ్యలో ఒకసారి గేటు పెట్టబోయారు. 2017 ఫిబ్రవరి చివర్లో కేంద్రం మధ్యాహ్న భోజనానికి ఆధార్ అడుగుతూ నోటిఫికేషన్ ఇచ్చింది. దేశమంతా గొడవ అయ్యాక, ఆధార్ లేదని ఏ పిల్లకీ అన్నం ఆపబోమని చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ ఒక తమాషా ఉంది. మన రాష్ట్రంలో భోజనానికి కూడా యాప్ ఉంది. హెడ్‌మాస్టర్లు దాంట్లో ఫోటోలు ఎక్కిస్తారు. కానీ ఆ యాప్ చూసేది అన్నం ఎట్లుంది, గుడ్లు ఎన్ని వచ్చాయి అని. పెట్టేవాళ్ళని చెక్ చేస్తుంది, తినే పిల్లని కాదు. సాఫ్ట్‌వేర్‌ని ఏ వైపు తిప్పాలో ఇంత బాగా చూపించే ఉదాహరణ నాకు ఇంకోటి దొరకలేదు.

అసైన్‌మెంట్ చూసి మా సార్ "వేరే దేశం ఉదాహరణ కూడా పెట్టు" అన్నారు. అట్లా ఇంగ్లండ్ దగ్గరికి పోయాను. మన దేశాన్ని అంతకాలం ఏలిన వాళ్ళ బళ్ళలో అన్నం ఎట్లా పెడతారో తెలుసుకోవాలనే ఉబలాటం కూడా ఉంది.

అక్కడ 2014 సెప్టెంబర్ నుంచి మొదటి మూడేళ్ళ పిల్లలకి అందరికీ ఉచితం. ఆ పై తరగతులకి మాత్రం పరీక్ష. అక్కడి సంక్షేమ పథకాలు చాలావాటిని కలిపేసి యూనివర్సల్ క్రెడిట్ అని ఒకటి చేశారు. అది తీసుకునే ఇంటి పిల్లలందరికీ భోజనం వస్తుందనుకుంటాం కదా. 2018 ఏప్రిల్ నుంచి, పన్నులు పోను ఏడాది సంపాదన 7,400 పౌండ్లు దాటితే బడి భోజనం లేదన్నారు. అక్కడ ఒక ఇంటికి ఆ డబ్బు ఏ మూలకీ చాలదు. 7,390 సంపాదించే తల్లికి ఇద్దరు పిల్లల భోజనం ఉచితం. ఆమె ఇంకో రెండు షిఫ్టులు ఎక్కువ చేస్తే ఏడాది పొడుగునా ఆ భోజనం డబ్బు తనే కట్టుకోవాలి. సంపాదన కొంచెం పెరిగితే ఖర్చు దానికి మించి పెరుగుతుంది. మన 10,000 రూపాయల గీత దగ్గరా ఇదే కథ, కరెన్సీ వేరు అంతే.

2025 జూన్‌లో అక్కడి ప్రభుత్వం ఆ 7,400 గీత తీసేస్తామంది. 2026 సెప్టెంబర్ నుంచి యూనివర్సల్ క్రెడిట్ తీసుకునే ప్రతి ఇంటి పిల్లలకీ ఇస్తామంది. లండన్ నగరం 2023 సెప్టెంబర్ నుంచే ప్రభుత్వ ప్రైమరీ బళ్ళలో అందరికీ పెడుతోంది. అంత డబ్బున్న దేశం గీతలు గీసి, చెరిపి, మెల్లగా వస్తున్న చోటికి మా స్కూలు వరుస ఎప్పుడో చేరింది. ఇది రాసేటప్పుడు కొంచెం గర్వంగానే ఉంది, దాచుకోను.

గీతలు గీసే అలవాటు మా ప్రాంతం మీద ఇంతకంటే ఘోరంగా పనిచేసింది ఒకసారి. 1876–78 ధాత కరువు. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్ళారి జిల్లాలో భాగం. కరువు బాగా కొట్టిన జిల్లాల్లో అదొకటి. మద్రాసు ప్రభుత్వం ఖర్చు ఎక్కువ చేస్తోందని వైస్రాయ్ లిట్టన్ రిచర్డ్ టెంపుల్‌ని పంపాడు. ఆయన 1877 జనవరిలో కరువు పనుల్లో మగమనిషి కూలిని రోజుకి ఒక పౌండు ధాన్యం, దానితో పాటు ఒక అణాకి తగ్గించాడు. పౌండు అంటే అర కిలో కూడా కాదు. నిజంగా ఆకలున్నవాడే రావాలని ఇంటికి పది మైళ్ళు, ఆ పైన దూరంలో పని ఇచ్చే పద్ధతి పెట్టారు. నడవగలిగితే అర్హుడు. ఆకలితో నడవలేనివాడికి అన్నం లేదు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది మనుషుల్ని చంపేస్తుందని రాశాడు, గొడవపడ్డాడు. కొన్ని నెలలకి ఆ కూలిని మార్చారు. అప్పటికి ఎంతమంది పోయారో ఆలోచించండి. ఇప్పటి పథకాలు, ఆ కరువు పనులు ఒకటే అని నేను అనట్లేదు. 'అర్హత లేనివాడు ఒక్కడు కూడా తినకూడదు' అనే భయం ఎంత దూరం పోగలదో చూడటానికి ఇది చెప్పాను, అంతే.

ఇప్పుడు మన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల గన్నవరంలో ఇంటికొచ్చిన వాళ్ళకి ఏ వేళైనా లేదనకుండా వండి పెట్టిన ఆవిడ. ప్రభుత్వం మారగానే పథకాల పేర్లు మారడం నాకు పెద్దగా నచ్చదు. కానీ ఈ పథకానికి ఈ పేరు సరిపోయింది. ఆవిడ ఎవరి దగ్గరా ఆదాయ ధ్రువపత్రం అడగలేదు.

ఇంతవరకూ బాగుంది. కానీ గుడ్లు గోడ మీదుగా వచ్చిన సంగతి నేను మర్చిపోలేను. బడి లోపల అర్హత పరీక్ష లేదు, నిజమే. పరీక్ష బడి గేటు దగ్గర ఉంది. చట్టం ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్ళనే చెప్తుంది. ప్రైవేటు గేటు లోపలికి పోయిన పిల్ల ఎంత పేదదైనా లెక్కలోకి రాదు. మా వీధిలో ఒక పాపకి విద్యాహక్కు చట్టం 25 శాతం కోటాలో ప్రైవేటు స్కూల్లో ఉచిత సీటు వచ్చింది. పేదది కాబట్టే సీటు ఇచ్చారు. అదే సీటు వల్ల మధ్యాహ్నం అన్నం పోయింది. సీటొచ్చిన రోజు వాళ్ళమ్మ స్వీట్లు పంచింది. ఇప్పుడు పొద్దున ఐదింటికి లేచి బాక్సు కడుతోంది.

హాస్టల్లో ఇది చెప్తే నా రూమ్మేట్ ఒప్పుకోలేదు. వాళ్ళ నాన్న టాక్స్ కడతారు. "ప్రైవేటుకి పంపే స్తోమత ఉన్నవాళ్ళకి కూడా అన్నం పెట్టాలా? అందరికీ పెడితే ఇంక పేదవాళ్ళకి పెట్టినట్టు ఎట్లా అవుతుంది?" అంది. ప్రశ్న న్యాయమైనదే. ప్రభుత్వ బడి వరకూ నా దగ్గర జవాబు ఉంది. అక్కడ జనమే తమను తాము వడగట్టుకుంటారు. డబ్బున్న వాళ్ళు ముందే వెళ్ళిపోయారు, మిగిలిన అంగడి వాళ్ళ అమ్మాయి తిన్న గుడ్డు ఖర్చు, ఆమెని పట్టుకోవడానికి పెట్టే ఆఫీసు ఖర్చు కంటే తక్కువ. ఉపాధి హామీ పని కూడా ఇట్లాంటిదే. 2006 ఫిబ్రవరి 2న మా జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది, నేను పుట్టిన ఏడాదే. ఎండలో మట్టి తవ్వడానికి వచ్చినవాణ్ణి నీ ఆదాయం ఎంత అని అడగలేదు. అవసరం లేనివాడు ఆ ఎండకి రాడు.

ప్రైవేటు స్కూళ్ళ సంగతి మాత్రం నాకు అంత తేలిగ్గా లేదు. ఫీజు వసూలు చేసే యాజమాన్యానికి ప్రభుత్వ బియ్యం ఇవ్వడం నాకూ నచ్చదు. కనీసం ఆ కోటా పిల్లలకైనా ఇవ్వాలి అంటాను. ఇచ్చినా, క్లాసులో ఆ ఐదుగురికే ప్లేటు వస్తే, వేరే వరుస తయారైనట్టే కదా అంది రూమ్మేట్. ఆమె అన్నది కరెక్ట్. ఆ రాత్రి ఇద్దరం దీని మీద ఒంటిగంట దాకా కొట్టుకుని, మెస్ పెసరట్టు కోసం పొద్దున్నే లేవాలని పడుకున్నాం.

నా సంగతికి వస్తే, పదో తరగతి తర్వాత గురుకులంలో సీటొచ్చింది, అక్కడి నుంచి ఇక్కడికి. తమ్ముడు ఇంకా ఆ వరుసలోనే ఉన్నాడు. ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు రాశాడు. ఇప్పుడు ఇంట్లో అసలు తగువు ఇంటర్ గురించి. 2025 జనవరి 4 నుంచి గవర్నమెంట్ జూనియర్ కాలేజీల్లో కూడా మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. నా టైముకి అది లేదు. తమ్ముడు అక్కడే చేరతానంటాడు. నాయన అప్పు చేసైనా అనంతపురంలో ప్రైవేటు కాలేజీలో వేద్దామంటాడు. ఆర్‌సీ గొడవ పోయిన ఏడాదికి తీరింది. తల్లికి వందనం కింద 13,000 అమ్మ ఖాతాలో పడ్డాయి, ఆ ధైర్యం. తమ్ముడు నోట్‌బుక్ వెనక లెక్క వేశాడు. ఫీజు, హాస్టల్, బస్సు ఒక వైపు. రోజుకొక పూట అన్నం, గుడ్డు, రెండేళ్ళు ఇంకో వైపు. వాడు తిండిపోతు కాబట్టి గుడ్ల వైపు కొంచెం ఎక్కువే వేసినట్టు నాకు అనుమానం. అమ్మ ఎవరి పక్షమూ చెప్పట్లేదు. "చదువు యాడ బాగుంటే ఆడ్నే" అంటుంది. అన్నం ఒక చోట, చదువు ఒక చోట ఉంటాయని ఆమెకి ఎవరు చెప్పారో. బహుశా మేమే చెప్పి ఉంటాం.

అంతవరకూ ఎండాకాలం ఉంది. బడి లేకపోతే అన్నం లేదు. కరువు ప్రాంతాల్లో సెలవుల్లో కూడా భోజనం పెట్టాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, అది చదివినప్పుడు మా మండలమే కళ్ళ ముందు కనపడింది. కానీ కరువు ప్రాంతం అనిపించుకోవడానికి కూడా ఒక లిస్టు ఉంటుంది, ఆ ఏడాది ఆ లిస్టులో మండలం పేరు ఉండాలి.

అమ్మ పొద్దున్నే పనికి పోతోంది, నాయన బెంగళూరులో ఉన్నాడు. తమ్ముడే వండుకుంటున్నాడు. నిన్న ఫోన్ చేసి చిత్రాన్నంలో నిమ్మకాయ ఎప్పుడు పిండాలని అడిగాడు. స్టవ్ ఆపినాక పిండమని చెప్పాను.